ఎర్ర నేల, తెల్ల కోట్లు

పోస్ట్‌మ్యాన్ పార్సిల్ తెచ్చేసరికి ఇంట్లో ఎవరి హడావిడిలో వాళ్లున్నారు. అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూరలు తరుగుతున్నారు. కొడుకు బస్సు కండక్టరు. డ్యూటీకి టైమైపోతుంటే ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండో చెప్పు కోసం మంచం కింద తల దూర్చాడు. మామగారు ముందు హాలు కడిగి నీళ్లు గుమ్మం అవతలికి తోస్తున్నారు. కోడలు కుట్టుమిషన్‌కి దారం ఎక్కిస్తూ, నేల ఆరేదాకా బట్ట విప్పడానికి లేదు కదా అని మాటిమాటికీ గడియారం వైపు చూస్తోంది.

పార్సిల్ మీద తన చేతిరాతే కనబడేసరికి ఆమె దారం వదిలేసి లేచింది. తను పంపినవే తిరిగొచ్చాయి. నర్సింగ్ స్కూలు కోసం కుట్టిన ఇరవై నాలుగు తెల్ల కోట్లలో పదహారు వెనక్కి వచ్చాయి. పైన ప్రిన్సిపల్ రాసిన ఉత్తరం ఉంది. కుట్టు చక్కగా ఉందట, కొలతలు సరిగ్గా సరిపోయాయట. కానీ అంచుల్లోనూ చేతుల మడతల్లోనూ ఎర్రటి చారలున్నాయి, ఉతికించినా పోలేదు. కొత్త పిల్లలు చేరడానికి ఇంకా నెలన్నర ఉంది కాబట్టి ఆలోపు మచ్చలేని కోట్లు పంపితే తీసుకుంటామని, లేదంటే వేరే టైలర్‌ని చూసుకుంటామని మర్యాదగానే రాశారావిడ.

ఆరేళ్లపాటు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో రోజంతా కాలర్లు మాత్రమే కుట్టి కుట్టి, ఇక చాలనుకుని సొంతంగా మొదలుపెట్టిన పని అది. అందులో మొదటి పెద్ద ఆర్డరు ఇదే. ఇంట్లో వెలుతురూ వైశాల్యమూ ఉన్న గది ఆ హాలొక్కటే. రెండు వైపులా కిటికీలు, మధ్యలో బట్ట కత్తిరించుకునే బల్ల. కానీ బల్ల మీంచి ఎంత జాగ్రత్తగా దించినా బట్ట తాను చివరో, కోటు చెయ్యి ముక్కో నేలకి తగిలేది. తగిలిందంటే ఎర్రబడేది. చాపలు పరిచి చూసింది, దుప్పట్లు పరిచి చూసింది. ఎర్రపొడి చాప సందుల్లోంచి కూడా పైకి వచ్చేది.

ఆ నేల మామగారు స్వయంగా పరిచింది. ఊరి చివర పెంకుల ఫ్యాక్టరీలో ఆయన ముప్ఫై నాలుగేళ్లు బట్టీ దగ్గర పనిచేశారు. బట్టీ కన్నంలోంచి మంట రంగు చూసి లోపల వేడి ఎంతుందో, ఇంకెంతసేపు కాల్చాలో చెప్పేవారు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని మంట మేస్త్రీ అనేవారు. ఆ పేరు పనిని బట్టి వచ్చిందా, కోపాన్ని బట్టి వచ్చిందా అంటే ఇంట్లోవాళ్లు మాత్రం రెండోదే అనేవారు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఆఖరి బట్టీలోంచి ఎర్రమట్టి పలకల్ని ఒక్కొక్కటీ వేలితో మోగించి, ఖంగుమన్న గట్టివే ఏరుకుని, తెచ్చి ఈ హాల్లో పరిచారు.

వాటి మీద ఏ పూతా పూయనిచ్చేవారు కాదు. మట్టి ఊపిరి తీసుకోవాలి, దాని నోరు మూస్తే లోపల కుళ్లిపోతుంది అనేవారు. రోజూ నీళ్లతో కడిగేవారు. నెలకోసారి పలకల్లోని ఉప్పు తెల్లగా పైకి తేలితే బకెట్లో యాసిడ్ కలిపి బ్రష్‌తో రుద్దేవారు. నేల అప్పుడే బట్టీలోంచి తీసినంత ఎర్రగా అయ్యేది. తర్వాత రెండు రోజులపాటు ఇల్లంతా ఎర్రటి అడుగులే. మన ఇంటికి దొంగ వస్తే పోలీసులకి శ్రమ ఉండదు, అడుగులు వీధి చివరిదాకా దారి చూపిస్తాయని అత్తగారు నవ్వేవారు.

కోడలు ఒక కోటు విప్పి మామగారికి చూపించింది. నేల మీద పొడి లేవకుండా ఏదైనా పూయించుకుందామా అని మెల్లిగా అడిగింది. ఆయన చారల వైపు చూశారు గానీ, ఇరవై ఏళ్లుగా ఈ నేల మీద తిరుగుతున్నాం, ఇంతవరకూ ఎవరి బట్టలూ పాడవలేదని తేల్చేశారు.

"పాడవకేం, మీ బనీన్లు తెల్లగా ఉండి ఎన్నేళ్లయిందో ఉతికేదాన్ని నాకు తెలుసు" అన్నారు అత్తగారు తల ఎత్తకుండానే.

కొడుకు రెండో చెప్పు దొరకబుచ్చుకుని బయటపడ్డాడు. భార్య గేటు దాకా వెంట వెళ్లి, మీరైనా ఒక మాట చెప్పొచ్చు కదా అంది. బస్సులో పదేళ్లుగా చేస్తున్నది అదే పని, ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ మధ్య నిలబడి ఇద్దరిచేతా తిట్లు తినడం, ఇంట్లో కూడా అదేనా అన్నాడు. కానీ ఆమె మొహం చూశాక, ఏదో ఒకటి చేద్దాంలే అని మాటిచ్చి వెళ్లాడు.

ఆ ఏదో ఒకటి నాలుగు రోజుల తర్వాత జరిగింది. అత్తగారికి కంట్లో శుక్లం తీయించాల్సి ఉంది. ఆసుపత్రి పక్క ఊళ్లో. ఆపరేషన్‌కీ, తర్వాత చూపించుకోవడానికీ కలిపి నాలుగు రోజులు అక్కడే చెల్లెలింట్లో ఉండాలని మామగారు ఆవిణ్ణి తీసుకుని బయల్దేరారు. వెళ్లే రోజు పొద్దున కూడా హాలు కడిగే వెళ్లారు.

సాయంత్రం కొడుకు ఒక వార్నిష్ డబ్బా, రెండు బ్రష్‌లు పట్టుకొచ్చాడు. పూసిన ఆరు గంటల్లో ఆరిపోతుందని, నేల అద్దంలా మెరుస్తుందని డబ్బా మీద రాసి ఉంది. నాన్న వచ్చి చూసేసరికి పని అయిపోయి ఉంటే కాసేపు అరిచి ఊరుకుంటాడని అతని లెక్క. కోడలు పాదం ఆనించి చూసింది. పైన పొడిగా ఉన్నా లోపల చల్లగా తగిలింది.

"లోపల ఇంకా తడి ఉన్నట్టుందండీ."

"పైన ఆరింది కదా. పూసేది పైనే."

ఆమెకి అది సరికాదనిపించింది. మామగారికి చెప్పకుండా చేయడం అంతకన్నా సరికాదనీ అనిపించింది. కానీ బీరువా మీద కట్ట విప్పకుండా పడున్న తెల్ల తాను కళ్లముందు మెదిలింది. రెండో బ్రష్ తనే తీసుకుంది.

మొదటి రోజు హాలు నిజంగానే అద్దంలా ఉంది. కిటికీ ఊచలు నేలలో కనబడుతుంటే భార్యాభర్తలిద్దరూ గుమ్మంలో నిలబడి మురిసిపోయారు. మర్నాడు మధ్యాహ్నానికి మూలల్లో తెల్లటి మసక కనిపించింది. మూడో రోజుకి ఆ మసక హాలంతా పాకి, పాలు ఒలికినట్టయింది. అక్కడక్కడ పొక్కులు లేచాయి. పొక్కుల పక్కన పూత ఇంకా జిగురుగానే ఉంది. చేతిలోంచి జారిన పాత మిగులు బట్ట ముక్క ఒకటి నేలకి అంటుకుని, లాగితే దారాలతో సహా ఊడొచ్చింది.

నాలుగో రోజు పెద్దవాళ్లు వచ్చేశారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న అత్తగారు గుమ్మం దాటి రెండడుగులు వేశారో లేదో, కాలు సర్రున జారింది. కొడుకు చెయ్యి అందించకపోతే వెల్లకిలా పడేవారే. ఒక కన్ను బాగుచేయించుకుని వస్తే నడుం విరగ్గొట్టేలా ఉన్నార్రా అని ఆవిడ నవ్వబోయారు గానీ, భర్త మొహం చూసి ఆగిపోయారు.

మామగారు అరవలేదు. చేతిలో సంచీ కింద పెట్టి, గొంతుక్కూర్చుని, ఒక పొక్కు మీద గోరుతో గీశారు. పూత పొరలా లేచొచ్చింది. దాని కింద నీటి చెమ్మ.

"ఎవరు చేశారు?"

"నేనే నాన్నా" అన్నాడు కొడుకు.

"ఇద్దరం చేశాం మామయ్యా" అంది కోడలు.

"నేను లేనప్పుడు చూసి."

అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. కానీ నాలుగు రోజుల భయమూ నిరాశా ఆమె గొంతులోంచి ఒక్కసారిగా తన్నుకొచ్చాయి. ఉన్నప్పుడు అడిగితే కాదన్నారు కదా అంది. పదహారు కోట్లు వెనక్కొస్తే ఆ చారల గురించి ఒక్క ముక్కైనా మాట్లాడలేదు కదా అంది. ఇంకా ఏవో అంది. చివరికి అంది.

"ఈ ఇంటికొచ్చి ఏడేళ్లయింది మామయ్యా. ఈ నేలని మీరెంత జాగ్రత్తగా చూసుకుంటారో రోజూ చూస్తున్నాను. అందులో పదో వంతు నా పనిని చూసి ఉంటే నాకు ఈ గతి పట్టేది కాదు."

మామగారు మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లిగా లేచారు.

"ముప్ఫై నాలుగేళ్లు పనిచేసినవాడికి చూసుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదమ్మాయ్. ఫ్యాక్టరీ లేదు, బట్టీ కూలగొట్టేశారు. నాకు ఇదొక్కటే మిగిలింది. నువ్వు అడిగితే కాదన్నాను, అది నా మొండితనం. కాదన్నాక కూడా నా కళ్లముందే పూసుంటే పోట్లాడేవాణ్ణి, మర్నాటికి మర్చిపోయేవాణ్ణి. నేను ఊరు దాటేదాకా ఆగి చేశారు చూడు, అదీ నాకు కష్టంగా ఉంది."

ఆ సాయంత్రం ఆయన తన మంచం ఎత్తి వెనక వరండాలో వేసుకున్నారు. భోజనం అక్కడే, నిద్ర అక్కడే. బయటికి వెళ్లాలంటే పక్క సందులోంచి వెళ్లేవారు గానీ హాల్లో అడుగు పెట్టలేదు. మంట మేస్త్రీ చల్లారిపోతే ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లు మొదటిసారి చూశారు. ఆయన కేకలే నయమనుకున్నారు.

మూడు రోజులు చూసి, కోడలు ప్రిన్సిపల్‌కి ఉత్తరం రాసింది. తన వల్ల కాదని, కోట్లు వేరేవాళ్లకి ఇచ్చుకోమని. రాస్తున్నంతసేపూ చెయ్యి ఎక్కడా ఆగలేదు, కవరు అంటించాక మాత్రం కాసేపు లేవలేకపోయింది. దాన్ని రిజిస్టర్ చేయిద్దామని పోస్టాఫీసుకి వెళ్లి వరుసలో నిలబడింది.

అక్కడికి ఆమె ఎన్నోసార్లు వచ్చింది గానీ ఎప్పుడూ కిందికి చూడలేదు. ఈ వారం రోజులుగా ఏ ఇంటికి వెళ్లినా ఏ షాపుకి వెళ్లినా ఆమె కళ్లు నేల మీదికే పోతున్నాయి. పోస్టాఫీసు నేల ఎర్రమట్టి పలకలదే. అదే కొలత, అదే అంచు. కానీ రంగు వేరు. బాగా పండిన పండు లోపలి ఎరుపు. పొద్దున్నించీ ఎన్ని వందల కాళ్లు తొక్కాయో, ఎక్కడా పొడి లేదు, అద్దంలా తళతళ కూడా లేదు. ఆమె తెల్ల చేతిరుమాలు తీసి, వంగి గట్టిగా రుద్దింది. తిప్పి చూసింది. మాసింది గానీ ఎర్రబడలేదు.

"ఏం పోయిందమ్మా?" అంటూ తడిగుడ్డ కర్రతో వచ్చింది అక్కడ నేల తుడిచే పెద్దావిడ. ఏమీ పోలేదని, ఈ నేల ఇలా ఎలా ఉందో చెప్పమని కోడలు అడిగింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆ మాట అడిగినవాళ్లు లేరు కాబోలు, ఆవిడ కర్ర గోడకానించి బెంచీ మీద కూర్చోబెట్టి మరీ చెప్పింది.

ముందు నేల పూర్తిగా ఆరాలట. పైపైన కాదు, అడుగుదాకా. తర్వాత అవిసె నూనెలో, రంగుల్లో కలిపే టర్పెంటైన్ కలిపి పల్చగా గుడ్డతో పూయాలి. పలక తాగినంత తాగుతుంది. తాగకుండా పైన మిగిలింది పావుగంటలో తుడిచెయ్యాలి. తుడవకపోతే జిగురు కడుతుంది. అది ఆరాక ఇంకోసారి. బాగా ఆరాక పైన మైనం పల్చగా రాసి గుడ్డతో రుద్దాలి. ఏడాదికి రెండుసార్లు మైనం, రోజూ పిండేసిన తడిగుడ్డ. అంతే. వార్నిష్ పలక మీద మూతలా కూర్చుంటుంది, అందుకే లోపలి తడి దాన్ని పొక్కులు తేలుస్తుంది. నూనె పలకలో కలిసిపోతుంది. కోడలు ఇంటి సంగతి చెప్పి, మామగారు నెలకోసారి యాసిడ్ పోస్తారంది.

ఆవిడ నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది. "అయ్యో, యాసిడా. కాలినప్పుడు పలక పైన గట్టి చర్మం కడుతుంది కదమ్మా. దాన్ని తినేస్తుంది అది. చర్మం పోయాక పొడి రాక ఏమొస్తుంది?"

ఈ పలకలు ఎక్కడివని అడిగితే, మన ఊరి చివర ఫ్యాక్టరీవేనని చెప్పింది. కోడలు వరుసలోకి తిరిగి వెళ్లలేదు. ఉత్తరం సంచీ అడుక్కి తోసేసి గబగబా ఇంటికి నడిచింది.

వరండాలో మామగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టి, మంచం కోడు దగ్గర నేల మీదే కూర్చుంది.

"మామయ్యా, మీరు లేనప్పుడు చేయడం తప్పు. మీ అబ్బాయి మీదికి నెట్టను. తడి ఉందని నాకు తెలుసు, తెలిసే బ్రష్ పట్టుకున్నాను. దానికి మీరు ఎన్నాళ్లు మాట్లాడకపోయినా పడతాను. కానీ ఒక్కసారి నాతో ఒక చోటికి రావాలి."

"ఎక్కడికి?"

"పోస్టాఫీసుకి."

ఆయన మొహం బిగుసుకుంది. విషయం అత్తగారు చెప్పారు. ఆ భవనం కట్టినప్పుడు పలకలు ఈయన బట్టీలోంచే వెళ్లాయి. కాంట్రాక్టరు వాటికి నూనె పూయిస్తున్నాడని తెలిసి ఈయన వెళ్లి గుమ్మంలోనే నిలబడి పెద్ద గొడవ చేశారు. ఏడాదిలో కుళ్లిపోతాయని శపించినంత పనిచేసి, ఇక ఆ గుమ్మం తొక్కనని వచ్చేశారు. అప్పటినుంచి ఉత్తరం వెయ్యాలన్నా ఇంకొకరిని పంపడమే.

"ఇరవై ఆరేళ్ల అలక. మీరు అలిగారని పాపం ఆ పోస్టాఫీసుకి తెలీను కూడా తెలీదు. వెళ్లి చెప్పిరండి" అన్నారు అత్తగారు.

మర్నాడు పొద్దున ఆయన వచ్చారు. మెట్ల మీద చెప్పులు విడిచి, వాటిని చేత్తో పట్టుకుని లోపలికి అడుగుపెట్టారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. వరుసలో ఉన్నవాళ్లు చూస్తుండగానే మోకాళ్ల మీద కూర్చుని, వేలి కణుపుతో ఒక పలక మీద కొట్టి చెవి ఒగ్గారు. ఇంకోదాని మీద కొట్టారు. అరచెయ్యి ఆనించి అలా ఉంచేశారు.

"మోగుతోంది" అన్నారు మెల్లిగా.

కౌంటర్ కింద రెండు వరుసల పలకలు మిగతావాటికన్నా కాస్త నల్లగా ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్లి ఆయన అంచులు వేలితో తడిమారు. ఈ భవనం కట్టిన ఏడాది విడవకుండా వానలు పడి కట్టెలు తడిసిపోయాయని, బట్టీ సరిగ్గా అందుకోక మూడు రోజులు కంటి మీద కునుకు లేకుండా కాపలా కాశానని చెప్పారు. అంచులు నల్లబడ్డాయని ఓనరు ఆ సరుకంతా పారేయమన్నాడట. ఇవే గట్టివి బాబూ అని ఈయన ఎంత మొత్తుకున్నా వినలేదట.

"పారేశారనే అనుకున్నానమ్మాయ్ ఇన్నాళ్లూ. ఇక్కడున్నాయి."

తుడిచే పెద్దావిడ వచ్చి నిలబడింది. ఇవి కాల్చింది ఈయనేనని కోడలు చెబితే, ఆవిడ చేతిలో కర్ర పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. మామగారు లేచి ఆవిడ ఎదురుగా నిలబడ్డారు. ఊళ్లో ఎవరికీ తలవంచని మనిషి.

"వీటికి ఏం పూస్తావు తల్లీ? మళ్లీ చెప్పు. నాకేమీ తెలీదనుకుని నిదానంగా చెప్పు."

ఆవిడ చెప్పింది. యాసిడ్ మాట దగ్గర మాత్రం తడబడింది. మీకు నేను చెప్పేటంతటిదాన్ని కాదంది. అక్కర్లేదు, అర్థమైందని ఆయన చేత్తో వారించారు. బెంచీ మీద కూర్చుని చాలాసేపు తన అరచేతుల్ని చూసుకున్నారు.

"ముప్ఫై నాలుగేళ్లు మంట దగ్గర నిలబడి దానికి చర్మం కట్టించాను. ఇంటికొచ్చి ఇరవై ఏళ్లు నా చేత్తో నేనే ఒలిచాను. నీ కోట్ల మీద పడ్డది ఆ చర్మమే. కనబడుతున్నా చూడలేదు."

ఆయన కళ్లు నిండిపోయాయి. కోడలు పక్కనే కూర్చుని ఆయన మోచెయ్యి పట్టుకుంది. వరుసలో నిలబడ్డ ఒకాయన వీళ్లకేదో చెడ్డ వార్త వచ్చిందనుకుని, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ మధ్యాహ్నమే మంచం వరండాలోంచి ఇంట్లోకి వచ్చింది. మిగిలిన యాసిడ్ సీసాకి మామగారు మూత బిగించి, కొన్న షాపులోనే తిరిగిచ్చేశారు. మూడు రోజులు నలుగురూ కలిసి పాత పూత ఊడదీశారు. రంగు వదిలించే మందు రాయడం, గీరడం, గుడ్డతో తుడవడం, మళ్లీ రాయడం. కొడుకు సెలవు పెట్టి మరీ మోకాళ్ల మీద పాకాడు. పూసింది రెండు గంటల్లో, తీసేది మూడు రోజుల్లోనా అని అతను మూలిగితే, టికెట్ లేకుండా ఎక్కినవాడికి జరిమానా ఎక్కువే ఉంటుందిరా అన్నారు మామగారు. వారం తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అది.

ఆఖరిసారి మంచినీళ్లతో కడిగి, కిటికీలు తెరిచి, నేలని ఆరనిచ్చారు. పది రోజులయ్యేసరికి కోడలికి ఓపిక చచ్చిపోయింది. గడువు కరిగిపోతోంది, బీరువా మీద తాను అలాగే ఉంది. ఇక పూసేద్దామా అని అడిగింది. మామగారు జానెడు ప్లాస్టిక్ కాగితం తెచ్చి, నాలుగు వైపులా టేపు వేసి నేలకి అంటించారు. మర్నాడు దాని లోపలి వైపు సన్నటి నీటి చుక్కలు ఉన్నాయి.

"ఎప్పుడు పూయాలో నేను చెప్పను, నువ్వూ చెప్పకు. అది చెప్పాలి" అన్నారాయన.

మధ్యలో తెల్ల ఉప్పు మళ్లీ తేలింది. ఆయన చెయ్యి అలవాటుగా బకెట్ వైపు వెళ్లి, ఆగి, పొడి బ్రష్ అందుకుంది. దులిపి ఎత్తేశారు. నాలుగు రోజుల తర్వాత కాగితం కింద చుక్క లేదు. అయినా తలుపు వెనక మూల, ఎవరికీ కనబడని రెండు పలకల మీద ముందు నూనె పూసి, ఇంకో రోజు చూసి, అప్పుడు సరే అన్నారు.

ఇంట్లో నిప్పు ముట్టుకోవద్దని చెప్పి, తలుపులన్నీ తెరిచి నూనె మొదలుపెట్టారు. లోపలి గోడ నుంచి గుమ్మం వైపుకి వెనక్కి జరుగుతూ కోడలు పూస్తుంటే, వెనకే కొడుకు తుడుచుకుంటూ వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి అత్తగారు కొత్త కంటితో కాపలా కాశారు. అదిగో అక్కడ మెరుస్తోంది, ఇదిగో ఇక్కడ తుడవలేదు అని ఒక్క మచ్చ వదల్లేదు. ఈ నేల ఇంత ఎర్రగా ఉంటుందని నాకు తెలీనే తెలీదే అని మధ్యలో ఒకసారి ఆగి, కళ్లద్దాలు తుడుచుకున్నారు. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయని, మంట సంగతి తెలిసిన మామగారు ఒక్కొక్కటీ విప్పి పెరట్లో తీగ మీద విడివిడిగా ఆరేశారు.

రెండు పూతలు, మధ్యలో ఆరుదల, పైన మైనం. అన్నీ అయ్యేసరికి గడువు తొమ్మిది రోజులే మిగిలింది. పలకల మీద నీళ్లు చల్లి చూశారు. నీళ్లు ఇంకకుండా ముత్యాల్లా నిలబడ్డాయి. కానీ కోడలికి అది చాల్లేదు. బీరువా మీంచి తాను దించి, కట్ట విప్పి, తెల్ల బట్టని హాలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నేల మీద పరిచేసింది. మామగారు అదేం పనమ్మాయ్ అనబోయి ఊరుకున్నారు.

నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని ఆ బట్టని నేల మీద ఈడ్చారు. గుమ్మం నుంచి కిటికీకి, కిటికీ నుంచి గుమ్మానికి. తర్వాత వీధి వాకిట్లోకి తీసుకెళ్లి ఎండలో తిరగేసి పట్టుకున్నారు. కోడలు దాని కింద దూరి, అంగుళం అంగుళం వెతికింది. పల్చటి బట్టలోంచి ఎండ ఆమె మొహం మీద పడుతోంది. ఎక్కడా ఒక్క ఎర్ర గీత లేదు. ఆమె బయటికి రాకపోయేసరికి ఏమైందోనని అత్తగారు బట్ట ఎత్తి చూశారు. లోపల నిలబడి ఏడుస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చి చూస్తుంటే, మంట మేస్త్రీ తన కొస పట్టుకుని అలాగే నిలబడి, బట్ట తెల్లగా ఉందండీ అని వాళ్లకి వినబడేలా చెప్పారు.

ఆ తొమ్మిది రోజులూ హాల్లో మిషన్ ఆగలేదు. అత్తగారు గుండీలు కుట్టారు, కొడుకు డ్యూటీ దిగి వచ్చి ఇస్త్రీ చేశాడు. ఈసారి కోట్లు పార్సిల్ చేయలేదు. మామా కోడళ్లే మూటకట్టి స్కూలుకి తీసుకెళ్లారు. ప్రిన్సిపల్ పదహారు కోట్లూ ఒక్కొక్కటీ విప్పి, మడతలు తిప్పి, కిటికీ వెలుతురులో చూశారు. ఆఖరి కోటు మడిచి పెట్టాక, వచ్చే ఏడు నలభై కావాల్సి ఉంటాయన్నారు. ఇంతకుముందు ఆ ఎరుపు ఎలా వచ్చింది, ఇప్పుడెలా పోయిందని అడిగారు. కోడలు నేల సంగతంతా చెప్పింది.

ఆవిడ కాసేపు ఆలోచించి, వాళ్లని వెంటబెట్టుకుని భవనం వెనక వైపుకి తీసుకెళ్లారు. పిల్లలు పాఠాలు వినే పొడుగాటి హాలు. కింద మట్టి పలకలు, పైన ఎర్రపొడి. తెల్ల బూట్లు తొడుక్కున్న పిల్లలందరి మడమలూ ఎర్రగా ఉన్నాయి. పీకేయించి కొత్తవి వేయిద్దామనుకుంటున్నాం, దీన్ని బాగుచేయగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆవిడ మామగారి వైపు చూసి అడిగారు.

ఆయన నన్ను కాదన్నట్టు ఒక అడుగు పక్కకి జరిగారు. ఇప్పుడు అందరూ కోడలి వైపు చూస్తున్నారు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని కింద కూర్చుంది. వేలి కణుపుతో ఒక పలక మీద కొట్టి విన్నది. అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు ఉంచింది.

"పీకక్కర్లేదండి. గట్టివే. కానీ లోపల తడి ఉంది. ఇది ఆరేదాకా మీరు నన్ను తొందరపెట్టకూడదు."

"ఎన్ని రోజులు?"

"అది చెప్పాలండి" అంది నేలని చూపిస్తూ. వెనక నిలబడ్డ మామగారు పైకి చూస్తూ నవ్వు ఆపుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కొడుకు డ్యూటీ చేసే బస్సే దొరికింది. కోట్లూ, స్కూలు నేల పనీ రెండూ ఖరారయ్యాయని తెలిసి అతను పట్టలేని సంతోషంతో, దిగాల్సినవాళ్లకి రెండు స్టాపులు తప్పించి తిట్లు తిన్నాడు. కోడలు కిటికీ పక్కన కూర్చుని, ఎంత నూనె కావాలో, ఎన్ని గుడ్డలు కావాలో గొణుక్కుంటోంది. మామగారి పక్కన కూర్చున్న పెద్దమనిషి చాలాసేపటినుంచి ఆమె వైపూ ఈయన వైపూ చూసి, మీ అమ్మాయా అని పలకరించాడు.

మంట మేస్త్రీ నిటారుగా సర్దుకుని కూర్చున్నారు.

"మా కోడలు. ఇవాళ్టినుంచి మా మేస్త్రీ" అన్నారు, బస్సంతా వినబడేలా.